చాట డైరీ: ఆముదం జన్యువులకు పేర్లు వెతికే పని

జూన్ 16

మిరుగం మొదలై వారం దాటింది. మహబూబ్‌నగర్‌లో ఇంకా ఒక్క గట్టి వాన పడలేదు. దేవరకద్ర దగ్గర మా ఊళ్లో చిన్నాయన మాత్రం ఈసారి రెండెకరాల చల్కలో ఆముదమే పెడతానని పట్టుబట్టాడు. చుట్టుపక్కల చేన్లన్నీ పత్తికి మారి ఏళ్లయింది. "పత్తికి మందులు కొనుడే సరిపోతుంది. ఆముదమైతే దాని బతుకు అది బతుకుతది" అంటాడు.

నేను డిగ్రీ కాలేజీలో బోటనీ చెప్తాను. ఈ వానాకాలం నాదీ ఆముదం పంటే, కాకపోతే కంప్యూటర్‌లో. ఆముదం గింజలోంచి తీసిన ట్రాన్‌స్క్రిప్ట్‌లు పబ్లిక్ డేటాబేస్‌లో 50 వేలకు పైగా దొరికాయి. ఒక్కోటి ఏం పని చేస్తుందో మనిషి కూర్చుని చూడకుండా సాఫ్ట్‌వేరే అంచనా వేసి పేరు పెట్టాలి. అదీ ప్రాజెక్టు. నాతోపాటు ఎమ్మెస్సీ చదివే అమ్మాయి ఒకరు పనిచేస్తున్నారు. పైథాన్‌లో నాకంటే ఆమె చెయ్యే వేగం.

ట్రాన్‌స్క్రిప్ట్ అంటే ఏమిటని చిన్నాయన అడిగితే పహాణీ లెక్కన చెప్పాను. అసలు రికార్డు తహసీల్ ఆఫీసు దాటి రాదు, మన చేతికిచ్చేది నకలే. కణంలోనూ జన్యువు ఉన్న చోటే ఉంటుంది. పని పడినప్పుడు దాని నకలు ఆర్‌ఎన్‌ఏ రూపంలో బయటికొస్తుంది, ఆ నకలు చూసి ప్రోటీన్ తయారవుతుంది. ఆకులో వచ్చే నకళ్లు వేరు, గింజలో వచ్చేవి వేరు. "మరి నకలు మీద పేరుండదా?" అన్నాడు. ఉండదు. అందుకే ఈ తిప్పలంతా.

ప్రోగ్రామ్‌కు చాట అని పేరు పెట్టాం. ఎందుకో ముందు ముందు వస్తుంది.

జూన్ 25

కాలేజీ ల్యాబ్‌లో దొరికింది 16 జీబీ ర్యామ్ ఉన్న డెస్క్‌టాప్ ఒకటి. ముడి రీడ్స్, అంటే యంత్రం చదివిన చిన్న చిన్న ముక్కల నుంచి మొదలుపెట్టే ఆశ మొదటి రోజే వదులుకున్నాం. ఆ ముక్కలను కలిపే ట్రినిటీ లాంటి అసెంబ్లర్‌కు పది లక్షల జతల రీడ్స్‌కు సుమారు 1 జీబీ ర్యామ్ కావాలన్నది మామూలు లెక్క. మా దగ్గరున్న శాంపిళ్లలో కోట్లలో ఉన్నాయి. కాబట్టి ఎవరో ఇప్పటికే కలిపి పెట్టిన ట్రాన్‌స్క్రిప్ట్‌లనే దించుకున్నాం. కట్టిన గోడ ఎవరిదో, రంగు మాత్రం మాది.

పని తెలిసిన ప్రోటీన్లతో పోలిక వెతకడానికి స్విస్-ప్రాట్ తీసుకున్నాం. 1986లో మొదలైన డేటాబేస్ అది. అందులోని ప్రతి ప్రోటీన్ వివరాన్నీ మనుషులు చదివి సరిచూస్తారు. ఉన్నవి 5 లక్షల 70 వేలకు అటూఇటూ. దాని పక్కనే ఉండే ట్రెంబుల్‌లో కోట్లకు కోట్లు ఉంటాయి కానీ వాటికి పేర్లు చాలావరకు మిషన్ పెట్టినవే. చెరగని రాశి అది.

మొదట పోల్చే పని బ్లాస్ట్‌ఎక్స్ అనే ప్రోగ్రామ్‌తో పెట్టాం. శనివారం సాయంత్రం రన్ మొదలుపెట్టి తాళం వేసి వచ్చాను. ఆదివారం రాత్రి గాలివానకు కరెంటు పోయింది, యూపీఎస్ పావుగంట కూడా ఆగలేదు. సోమవారం చూస్తే సగం కూడా కాలేదు, అయినదాంట్లో ఆఖరి ఫైల్ తెగిపోయి ఉంది. అమ్మాయి ఏమీ అనకుండా డైమండ్ ఇన్‌స్టాల్ చేసింది. 2015లో వచ్చిన ప్రోగ్రామ్, చేసేది అదే పోలిక పని. నేను క్యాంటీన్‌లో చాయ్ తాగి వచ్చేసరికి రన్ అయిపోయింది. ముందే ఎందుకు చెప్పలేదంటే "మీరు బ్లాస్టే కావాలన్నారు కదా సార్" అంది. అన్నాను, నిజమే. 1990 నుంచి ఉన్న పేరు కదా, పాత అలవాటు.

జులై 5

చిన్నాయన విత్తాడు. ఇక్కడ మాకు మొదటి పొరపాటు దొరికింది.

ట్రాన్‌స్క్రిప్ట్‌లో ప్రోటీన్ రాత ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ట్రాన్స్‌డీకోడర్ అనే ప్రోగ్రామ్ వెతికి పెడుతుంది. మనం ఏమీ చెప్పకపోతే 100 అమైనో ఆమ్లాల కంటే చిన్నవాటిని పక్కన పడేస్తుంది. అది తెలిసిన విషయమే, చిన్నవాటిలో చెత్త ఎక్కువని మేమూ ఊరుకున్నాం. అమ్మాయికి ఎందుకో అనుమానమొచ్చి లోహాలను పట్టుకునే మెటలోథయోనిన్ అనే ప్రోటీన్ కోసం చూసింది. మొక్కల్లో మామూలుగా దండిగా తయారయ్యే ప్రోటీన్ అది. మా జాబితాలో ఒక్కటీ లేదు. పొడవు 80 దాకానే ఉంటుంది మరి! కోత హద్దు 60కి దించితే అవన్నీ తిరిగొచ్చాయి, వాటి వెనక చెత్త కూడా వచ్చింది. చెత్త తీయడానికి ఒక షరతు పెట్టాం. 100 కంటే చిన్నదైతే డేటాబేస్‌లో పోలికో, తెలిసిన డొమైనో (చాలా ప్రోటీన్లలో కనిపించే ముక్క) ఏదో ఒకటి ఉండాలి. లేకపోతే పక్కకు.

జులై 13

మొదటి పూర్తి జాబితా వచ్చింది. ఆముదం గింజలో ఒక జన్యువు పని 'గుండె అభివృద్ధి' అని రాసుంది.

ఇద్దరం చాలాసేపు నవ్వాం. తర్వాత వెతికితే అలాంటివి ఒకటీ రెండూ కావు. కండరాల సంకోచం ఉంది, నాడీకణాల వలస ఉంది. జరిగిందేమిటంటే, ఆ ప్రోటీన్‌కు స్విస్-ప్రాట్‌లో బాగా కలిసింది ఎలుకదో మనిషిదో. జంతువుల మీద పరిశోధన ఎక్కువ కాబట్టి రాతలూ వాటి మీదే ఎక్కువ. ఎలుకలో ఆ ప్రోటీన్ పోతే గుండె సరిగ్గా ఏర్పడదని ఎవరో నిరూపించారు, ఆ ఫలితం జీన్ ఆంటాలజీ (జన్యువుల పనులకు అందరూ వాడే పదాల జాబితా) పదంగా దానికి అంటుకుంది, మా ప్రోగ్రామ్ దాన్ని ఉన్నదున్నట్టు తెచ్చి ఆముదానికి అంటించింది. ఆ ప్రోటీన్ ఎలుకలోనూ ఆముదంలోనూ కణం లోపల చేసే రసాయన పని ఒకటే కావచ్చు. దాన్ని ఒళ్లు ఎక్కడ వాడుకుంటుందన్నదే వేరు.

జీన్ ఆంటాలజీలో పదాలు మూడు కొమ్మలుగా ఉంటాయి: అణువు చేసే పని, అది పాల్గొనే ప్రక్రియ, కణంలో అది ఉండే చోటు. మమ్మల్ని నవ్వించినవన్నీ రెండో కొమ్మవే. అందుకని మొక్కవి కాని పోలికల నుంచి ప్రక్రియ పదాలు తీసుకోవడం ఆపేశాం, అణువు పని మాత్రం తీసుకుంటున్నాం. ఇంకొకటి కూడా చేశాం. ప్రతి పదం పక్కన ఆధారం గుర్తు ఉంటుంది. ఐఈఏ అని ఉంటే మనిషి కన్ను పడకుండా కంప్యూటర్ పెట్టిన పదం అని అర్థం. మా ప్రోగ్రామ్ పెట్టేవన్నీ ఆ జాతివే. ఐఈఏ చూసి ఇంకో ఐఈఏ పెట్టడమంటే నకలుకు నకలు తీయించడం. అవి వద్దనుకున్నాం.

జులై 28

ఇప్పుడు చాట కథ.

పోలికల్లో పైన వచ్చిన పేరు దించుకుంటే చాలనుకుంటారు చాలామంది. ఆ పైన వచ్చే పేర్లేమో ఇలా ఉంటాయి: 'గుర్తించని ప్రోటీన్', 'ఊహాజనిత ప్రోటీన్', 'బహుశా కైనేజ్', 'ఫలానా క్లోన్ నంబరు'. గింజలా కనిపిస్తాయి, లోపల పప్పుండదు. ఎంతో దగ్గరి పోలిక అయినా పేరు తాలైతే ఏం లాభం? కాస్త దిగువన ఉన్న పోలికకు గట్టి పేరుండవచ్చు.

దీనికి ఏహెచ్‌ఆర్‌డీ అనే ప్రోగ్రామ్ దారి చూపించింది. 2012లో వచ్చిన టమాటా జన్యుపటంలో పేర్లు పెట్టడానికి వాడింది దాన్నే. అది ఒక్క పోలికను నమ్మదు. వచ్చిన పోలికలన్నిటి పేర్లనూ ముక్కలు ముక్కలుగా విడదీసి, ఏ మాట ఎక్కువ పోలికల్లో, ఎంత గట్టి పోలికల్లో వచ్చిందో లెక్కేస్తుంది. మనుషులు సరిచూసిన డేటాబేస్ మాటకు బరువు ఎక్కువ. తాలు మాటలకు ముందే ఒక జాబితా ఉంటుంది, వాటిని లెక్కలోకే రానివ్వదు.

మేం ఆ పద్ధతినే చిన్నగా రాసుకున్నాం. మా ఇంట్లో అమ్మ చాట పట్టి చెరిగితే తాలు ముందుకు ఎగిరిపోతుంది, గట్టి గింజ మడమ దగ్గరే నిలబడుతుంది. తాలు మాటల ఫైల్ రాసింది అమ్మాయి, 40 మాటలతో మొదలై ఇప్పుడు వంద దాటింది. ఒకచోట దెబ్బ తిన్నాం. 'లాంటి' అనే మాటను తాలు కింద వేస్తే 'కైనేజ్ లాంటి ప్రోటీన్' కాస్తా కైనేజ్ అయిపోయింది. 'లాంటి'ని మళ్లీ లోపలికి తెచ్చుకున్నాం. ఆ ఒక్క మాటలో ఎంత నిజాయితీ ఉందో అప్పటిదాకా నేనూ గమనించలేదు.

ఆగస్టు 6

పేర్లు పెట్టడం సరే, ఎంతవరకు సరైనవో పరీక్ష చేయాలి కదా. పనేమిటో ప్రయోగాలతో తేలిన ఆముదం ప్రోటీన్లు కొన్ని తీసుకుని చాటకు ఇచ్చాం. అన్నీ కరెక్ట్. అమ్మాయి సంతోషంగా ఫోన్ చేసింది. నాకూ సంతోషమే, ఒక పది నిమిషాలు.

ఆ ప్రోటీన్లు స్విస్-ప్రాట్‌లో ఉన్నవే. అంటే జవాబు పత్రం పక్కన పెట్టుకుని పరీక్ష రాసినట్టు. ఆముదానివన్నీ డేటాబేస్ నుంచి తీసేసి మళ్లీ రన్ చేయమన్నాను. రాత్రి పదకొండున్నరకు వచ్చింది ఫలితం.

ఆముదం గింజలోని విషం రైసిన్‌కు 'ఆబ్రిన్' అని పేరు పెట్టింది. ఇది నవ్వుకోదగ్గ తప్పే. ఆబ్రిన్ మన గురివింద గింజలో ఉండే విషం. రెండిటి కట్టుబడీ ఒకటే: ఒక గొలుసు కణం పైపొరను పట్టుకుంటుంది, రెండోది లోపలికి పోయి రైబోజోమ్‌ను చెడగొడుతుంది. పేరు తప్పు, పని మాత్రం సరిగ్గానే చెప్పింది.

రెండో తప్పు ఓలియేట్ హైడ్రాక్సిలేజ్ అనే ఎంజైమ్ పేరులో, దానికి నవ్వు రాలేదు. ఆముదాన్ని ఆముదంగా నిలబెట్టేదే ఆ ఎంజైమ్. గింజ నూనెలో దాదాపు 85 నుంచి 90 శాతం రిసినోలిక్ ఆమ్లం. ఆ జిగట, యంత్రాల గ్రీజు నుంచి నైలాన్-11 దాకా ఆముదానికున్న గిరాకీ, అంతా దాని చలవే. 18 కార్బన్ల ఓలిక్ ఆమ్లంలో 12వ కార్బన్ మీద ఒక హైడ్రాక్సిల్ గుంపును తగిలిస్తే రిసినోలిక్ అవుతుంది. తగిలించేది ఓలియేట్ హైడ్రాక్సిలేజ్, దాని జన్యువు 1995లో దొరికింది. మా చాట దాన్ని 'ఓలియేట్ డీసాచురేజ్' అంది. అంటే అదే 12వ కార్బన్ దగ్గర జంట బంధం పెట్టి లినోలిక్ ఆమ్లం చేసేది. పల్లి, పొద్దుతిరుగుడు నూనెల్లో ఉండే మామూలు ఆమ్లం అది. ఆ మాట నమ్మితే ఆముదం గింజ కూడా పొద్దుతిరుగుడు గింజలాంటిదే.

పైగా మొహమాటం లేకుండా చెప్పింది. ఇ-వాల్యూ సున్నా. డొమైన్ వెతికే ప్రోగ్రామ్‌నూ అడిగాం, అదీ కొవ్వు ఆమ్లాల డీసాచురేజ్ కుటుంబమనే చెప్పింది. ఇద్దరు సాక్షులు, ఇద్దరిదీ ఒకే మాట, ఇద్దరిదీ తప్పే. ఇ-వాల్యూ సున్నా అంటే ఈ పోలిక గుడ్డిగా కుదిరింది కాదు, ఇవి చుట్టాలు అని మాత్రమే. చుట్టాలందరూ ఒకే పని చేస్తారని అది ఎక్కడా అనలేదు, అనుకున్నది మనం.

ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం అంటారు. ఆముదాన్ని తీసేసిన డేటాబేస్‌లో ఆవాల జాతి కలుపు మొక్క ఆరాబిడాప్సిస్ మహావృక్షమైంది.

ఆగస్టు 11

ఆరాబిడాప్సిస్ డీసాచురేజ్ ఎఫ్‌ఏడీ2, మన హైడ్రాక్సిలేజ్, రెండిటినీ ఒకదాని కింద ఒకటి పేర్చి మెట్టుగడ్డలో జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించాం. స్క్రీన్ మీద చూస్తే కళ్లు జారిపోతున్నాయి. ఒక్కో అమైనో ఆమ్లానికి ఒక్కో అక్షరం. ఒకటి 383 అక్షరాలు, ఇంకొకటి 387. టేబుల్ మీద పరిచి అమ్మాయి పెన్సిల్‌తో తేడా ఉన్న ప్రతి అక్షరం కింద గీత పెట్టుకుంటూ పోయింది. మూడింట రెండు వంతులు ఒకటే. ఇనుమును పట్టుకునే హిస్టిడీన్ గుత్తులు మూడూ అక్షరం పొల్లుపోకుండా కలిశాయి. ఆ గుత్తులను చూసే డొమైన్ ప్రోగ్రామ్ తీర్పు చెప్పింది.

మరి తేడా ఎక్కడ? లెస్క్వెరెల్లా అనే ఇంకో హైడ్రాక్సిలేజ్ మొక్కతో 1998లో చేసిన పని ఉంది. డీసాచురేజ్‌లన్నిటిలో ఒకేలా ఉండి హైడ్రాక్సిలేజ్‌లలో మారే చోట్లు 7 దొరికాయి. వాటిలో 4 మారిస్తే డీసాచురేజ్ హైడ్రాక్సిలేజ్ పని కూడా పట్టుకుంది. 6 మారిస్తే హైడ్రాక్సిలేజ్ డీసాచురేజ్ వైపు తిరిగింది. 2002లో ఆ చోట్లలోనూ 148, 324 ముఖ్యమని తేల్చారు. దాదాపు నాలుగు వందల అక్షరాల్లో పట్టుమని పది కూడా కావు, నూనె మొత్తం వాటి మీద ఆధారపడి ఉంది.

148 దగ్గర చూస్తే అమ్మాయి గీత లేదు. ఇద్దరం మొహాలు చూసుకున్నాం. గంటసేపు పేపర్లు తిరగేశాక వెలిగింది. ఆ నంబర్లు ఆరాబిడాప్సిస్ లెక్కలోవి, మేం ఆముదం వరసలో మొదటి నుంచి లెక్కబెట్టాం. మొదట్లోనే కొన్ని అక్షరాలు ఎక్కువున్నాయి కదా, లెక్క జరిగిపోయింది. పై వరస ప్రకారం చూస్తే 148 కింద గీత ఉంది, 324 కిందా ఉంది. ఆ రెండింటినీ అమ్మాయి ఎర్ర పెన్నుతో చుట్టింది. ఆ కాగితం ఇప్పుడు ల్యాబ్ గోడ మీద ఉంది.

ఆగస్టు 30

ఆ చోట్లను చాటలో ఒక చిన్న పట్టికగా పెట్టాం. ఎఫ్‌ఏడీ2 కుటుంబానికి చెందిందని తేలితే, ఆరాబిడాప్సిస్ వరసతో కలిపి పేర్చి, ఆ చోట్లు చూసి అప్పుడు పేరు పెడుతుంది. ఇప్పుడు ఆముదం డేటాబేస్‌లో లేకున్నా హైడ్రాక్సిలేజ్‌ను పట్టుకుంటోంది. ఆముదంలోనే ఉన్న అసలు ఎఫ్‌ఏడీ2ను డీసాచురేజ్ అనే అంటోంది.

సంబరపడాల్సిందేమీ లేదు, ఒక్క కుటుంబానికి పట్టిక రాశాం, అంతే. ప్రోటీన్ కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. సైటోక్రోమ్ పీ450 ఎంజైమ్‌లే చూడండి, పేరు ఒకటే, ఒక్కోటి ఒక్కో రసాయనం మీద పడుతుంది. అన్నిటికీ పట్టికలు రాయడం మా ఇద్దరి వల్ల కాదు, అసలు చాలా కుటుంబాలకు అలాంటి ప్రయోగాలే జరగలేదు.

కాబట్టి చాట నోరు కొంచెం కట్టేశాం. గట్టి పోలికలన్నీ ఒకే పని చెప్తేనే ఆ పని పేరు పెడుతుంది. లేకపోతే 'ఫలానా కుటుంబం' అని ఆగుతుంది. జాబితాలో ఇంకో కాలమ్ కూడా పెట్టాం, దాని పేరు 'ఎందుకు'. ఏ మొక్క ప్రోటీన్‌తో కలిసింది, ఆ ప్రోటీన్ పని ప్రయోగంలో తేలిందా లేక దానికీ ఎవరైనా పోలిక చూసి పేరు పెట్టారా అని అందులో ఉంటుంది. దీంతో పని పేరు దక్కిన ట్రాన్‌స్క్రిప్ట్‌లు బాగా తగ్గిపోయాయి. అమ్మాయికి అది నచ్చలేదు. "రిపోర్టులో తక్కువ కనిపిస్తది సార్" అంది. కనిపిస్తే కనిపించనీ అన్నాను. మార్కులు వేసేది నేను కాదు కాబట్టి ఆమె భయం ఆమెకుంది.

సెప్టెంబరు 21

చేనుకు పోయాను. నామాల పురుగు ఆకులను ఈనెల దాకా తినేసిన మొక్కలు కొన్ని ఉన్నాయి, వాటికి చిన్నాయన పెద్దగా బాధపడలేదు. ఆయన చూపించింది వేరే. ఒక వరసలో ఏడెనిమిది మొక్కలు నీళ్లున్నా నిలువునా వాలిపోయాయి. ఎండు తెగులు. నేలలో ఉండే ఫ్యుజేరియం శిలీంధ్రం పని. మొక్కను పీకి కాండం చీల్చాడు, లోపల గోధుమ రంగు చారలు.

"నీ కంప్యూటర్ల ఈ రోగానికి ఆగే జన్యువు ఏదో ఉంటది కదా, పేరు చెప్పు" అన్నాడు.

ఇంటికొచ్చి పాత జాబితా తెరిచాను, చాట నోరు కట్టేయకముందుది. 'వ్యాధి నిరోధక ప్రోటీన్ ఆర్‌పీఎం1' అని ఒకచోట కాదు, చాలా చోట్ల ఉంది. ఆ రోజుల్లో అయితే ఇదిగో అని చూపించేవాణ్ణేమో. ఆర్‌పీఎం1 అసలు ఆరాబిడాప్సిస్‌ది, సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా వచ్చిందని పసిగట్టేది. ఆముదంలో దాని చుట్టం బ్యాక్టీరియాను చూస్తుందో, శిలీంధ్రాన్ని చూస్తుందో, ఇంకేమైనా చేస్తుందో పేరును బట్టి చెప్పలేం. కొత్త జాబితాలో అదే ట్రాన్‌స్క్రిప్ట్ ఎదురుగా 'ఎన్‌బీ-ఎల్‌ఆర్‌ఆర్ కుటుంబం, దేన్ని గుర్తిస్తుందో తేలలేదు' అని ఉంది. రోగాన్ని పసిగట్టే ప్రోటీన్ల కుటుంబం అది. పైగా మా డేటా గింజది, రోగం వేరు నుంచి ఎక్కేది. చిన్నాయనకు ఫోన్ చేసి దొరకలేదని చెప్పాను. "ఇన్ని నెలలు ఏం చేసినవ్రా మరి" అన్నాడు. తెగులు తట్టుకునే విత్తనం సంగతి అడగాలంటే బిజినేపల్లి దాటాక పాలెంలో ఆముదం మీద పనిచేసే వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది, వచ్చే ఏడు విత్తనానికి ముందే అక్కడికి పోదాం అన్నాను. దానికి ఒప్పుకున్నాడు.

నవంబరు 9

మొదటి గెలలు కోశారు. కళ్లంలో ఆరబోసి, కొట్టి, చిన్నమ్మ చాటతో చెరిగింది. నేను పక్కన కూర్చుని ల్యాప్‌టాప్‌లో ఆఖరి జాబితా చూసుకుంటున్నా. చిన్నమ్మ చెరిగాక తాలు కుప్పను ఊడ్చేయలేదు, మళ్లీ చాటలోకి ఎత్తి ఇంకోసారి నిదానంగా చెరిగింది. దోసెడు సన్న గింజలు దొరికాయి.

మా తాలు ఫైల్‌లో ఏ పోలికా దొరకనివి వేలల్లో ఉన్నాయి. అక్షరాల్లో పోలిక లేకున్నా మడతపడిన ఆకారంలో పోలిక ఉండే అవకాశం ఉంది. ఆల్ఫాఫోల్డ్ అనే ఏఐ ప్రోగ్రామ్ అంచనా వేసిన ఆకారాలు 20 కోట్లకు పైగా ఇప్పుడు అందరికీ అందుబాటులో ఉన్నాయి, ఆకారంతో ఆకారాన్ని వేగంగా పోల్చే ఫోల్డ్‌సీక్ కూడా ఉంది. అమ్మాయి తాలులోంచి 200 ఏరి పెట్టింది, అన్నీ గింజ ముదిరే దశలో ఎక్కువగా కనిపించేవే. ఆకారం కలిసినా ముందు కుటుంబం పేరే పెట్టాలి, పని పేరు పెట్టకూడదని స్క్రిప్ట్ మొదటి వరసలోనే రాసుకుంది. నేను చెప్పలేదు.

కొత్త యూపీఎస్ నిన్న వచ్చింది. రన్ రాత్రికి పెడుతున్నాం.